కొత్త కంప్రెసర్‌కి మెడ ఎక్కడ?

అస్సాంలో దులియాజాన్ అవతల ఉన్న మా గ్యాస్ కంప్రెసర్ షెడ్డులో పద్మధర్ చేతియా ముప్పై నాలుగేళ్లుగా చేస్తున్న పని వినడం. ఇనుప కడ్డీ ఒక కొస మిషన్‌కి, రెండో కొస చెవికి ఆనించి "ఎడమ పక్క బేరింగు అరిగింది" అనేవాడు. విప్పి చూస్తే అరిగే ఉండేది. అదే ఇంట్లో అయితే భార్య నిరుపమ బైదేవ్ మూడుసార్లు పిలిస్తే గానీ పలికేవాడు కాదు. మా ఫిట్టర్లందరికీ అన్న లెక్క కాబట్టి ఆయన్ని చేతియా దా అని, అక్క లెక్క కాబట్టి ఆవిణ్ని బైదేవ్ అని అంటాం.

అలాంటి షెడ్డులోకి బస్సంత కొత్త కంప్రెసర్ దిగింది. ఎక్కడ వేడెక్కినా, ఎక్కడ అదిరినా దాని తెర మీదే తెలిసిపోతుందట. మా మేనేజరు ఫుకన్ సారు చేతియా దాను పిలిచి, "ఇక నీ కడ్డీతో పన్లేదయ్యా. ఒకటో తారీఖు నుంచి గెస్ట్‌హౌస్ చూసుకో. దుప్పట్లూ దోమతెరలూ, హాయైన పని" అన్నాడు. రిటైర్మెంట్ ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆ కాస్త కాలమూ షెడ్డులోనే గడపాలన్నది తప్ప ఆయనకు వేరే కోరిక లేదు. మూడు రోజులు వక్కాకు ముట్టలేదు మనిషి.

"దాని మీద కోపంగా ఉందా దాదా?" అని గిల్లాను.

"దాని మీదెందుకురా కోపం? నన్నడిగి వచ్చిందా? ఇంటికొచ్చిన చుట్టం. మెడలో గమోసా కండువా వేయకుండా నిలబెడితే మన పరువేం కాను?"

ప్రారంభం రోజు పొద్దున్నే వచ్చి దానికి మెడ వెతికాడు. ముందు మూలన ఒక గొట్టం, దాని పైన గుండ్రటి తలకాయ. బైదేవ్ స్వయంగా నేసిన ఎర్రంచు గమోసాను ఆ గొట్టానికి చుట్టి, పూల అంచు అందరికీ కనపడాలని కొసను తల మీదుగా ముందుకు వేశాడు.

పెద్దలంతా వచ్చారు. దీపం వెలిగింది. ఫుకన్ సారు మీట నొక్కాడు. మిషన్ ఉలకలేదు, పలకలేదు. పుణే నుంచి వచ్చిన ఇంజనీరు దేవధర్ తెర చూసి గొంతు సవరించుకున్నాడు.

"మంటల్ని కనిపెట్టే కన్ను పాడైంది సార్. అది చూస్తుంటేనే మిషన్ కదులుతుంది. కొత్తది తెప్పించడానికి పది రోజులు."

పొద్దున దీపం దగ్గరికి బూట్లతో వెళ్లి చీవాట్లు తిన్నాడు పాపం, అప్పట్నుంచి పువ్వో గమోసానో ఉన్న చోటికి అడుగు పెట్టలేదు. కన్నెలా ఉందో వెళ్లి చూస్తే కదా.

"అయితే పాతదాన్నే నడపండి. దీన్ని వెనక్కి పంపేద్దాం" అన్నాడు ఫుకన్ సారు మండిపడుతూ.

చేతియా దా నా చెవిలో అడిగాడు. "ఆ కన్నెక్కడుంటుందిరా?"

"ముందు మూల, గొట్టం పైన."

ఇద్దరం అటు చూశాం. "నోరెత్తకు దాదా. ఇది పోతే నువ్విక్కడే ఉంటావు" అన్నాను. నేనంత మంచివాణ్నేం కాదు.

"బాగున్నదాన్ని గుడ్డిదని చెప్పి పంపించేస్తామా?" అని ఆయన సారు దగ్గరికి నడిచాడు. "దాని కంటికేం కాలేదు సార్. నేనే గమోసా కప్పాను."

"తియ్యండి దాన్ని" అని సారు అరిచాడు. ఎవ్వరూ కదల్లేదు. మర్యాదగా వేసిన గమోసాను పరాయి చెయ్యి లాగదు. సారూ మావాడే, తన చెయ్యీ చాచలేదు. చివరికి చేతియా దానే మిషన్‌కి దణ్ణం పెట్టి తీశాడు. మరుక్షణం షెడ్డంతా అదిరింది.

"ఇలా ఇంకెవరైనా కడతారా?" అని దేవధర్ బెదురుగా అడిగాడు. ఒక్కొక్కరే సంచుల్లోంచి మడతపెట్టిన గమోసాలు తీశారు. ఆరు తేలాయి. ఒకటి నాది.

"సార్, ఈ మిషన్ అన్నీ కనిపెడుతుంది గానీ మీవాళ్ల మర్యాదను తట్టుకోలేదు. అడ్డం చెప్పడానికి ఓ పెద్దమనిషి కావాలి" అన్నాడతను. ఫుకన్ సారు ఆ పని చేతియా దాకే అప్పగించి, గెస్ట్‌హౌస్ ఆర్డరు అక్కడికక్కడే రద్దు చేశాడు.

విశ్వకర్మ పూజ నాడు అందరికంటే ముందు గమోసా పట్టుకొచ్చింది బైదేవే. చేతియా దా చేతులు చాపి అడ్డం నిలబడ్డాడు.

"దీనికి కట్టకూడదు. ఆర్డరు."

"నెల్లాళ్లు కూర్చుని నేశాను. ఏం చెయ్యమంటారు మరి?"

ఆయన అటూ ఇటూ చూసి, "నాకెయ్యి" అన్నాడు మెల్లగా.

వచ్చిన ప్రతి ఆఫీసరు కోసం గమోసాల పళ్లెం మోసిన మనిషి. ఆయన మెడలో ఒక్కటి వేద్దామని మాలో ఎవరికీ తట్టలేదు. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

"వంగండి మరి, నాకు అందడం లేదు" అంది బైదేవ్.

ఆయన కంప్రెసర్ పక్కనే వంగి నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోవడానికి ఆ గమోసా కొసే పనికొచ్చింది.