బీకామ్‌కి కౌంటు కట్టిన బాబాయి

మొన్నమొన్నటి సంగతే అయినా, ఇప్పుడు తలుచుకుంటే ఏదో పాతకాలం కబురులా ఉంటుంది. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. అందుకని బడికి పంపకుండా అమ్మే చదువు చెప్పింది. ఆవిడ కూర కలుపుతూ పాఠం చెబితే నేను గడప మీద కూర్చుని అప్పజెప్పేదాన్ని. (క్లాసులో ఫస్టూ నేనే, లాస్టూ నేనే.) భీమేశ్వరస్వామి దయవల్ల ఆయాసం తగ్గింది, ఇంటరూ ప్రైవేటుగా గట్టెక్కాను. చిక్కల్లా బీకామ్ దగ్గర వచ్చింది. సామర్లకోటలో ఇంట్లోనే ఉండి దూరవిద్యలో కానిచ్చేస్తే ఖర్చు కలిసొస్తుందని నాన్న. నాకేమో పదిమంది ఆడపిల్లల మధ్య బెంచీ మీద కూర్చోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది. ఆ మాట స్వామికి తప్ప ఎవరికీ చెప్పలేదు. చివరికి నాన్న, "కాలేజీలు పెట్టే ఖర్చుకి తగ్గ సరుకో కాదో మీ బాబాయి చూసొస్తాడు. వాడు ఊఁ అంటే చేరు" అన్నారు.

మా బాబాయి భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాడు. కిలోకి ముప్పై రొయ్యలు తూగితే ముప్పై కౌంటు, వంద తూగితే వంద కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటూ ఎక్కువ. అందుకని నన్ను వెంటబెట్టుకుని కాకినాడలో ఏసీ గదుల కాలేజీకి వెళ్ళగానే, ఫీజు చెప్పబోతున్న గుమాస్తాని ఆపి, "క్లాసుకి ఎంత కౌంటండీ?" అన్నాడు. ముప్పైమందేనని తెలిసి, "మంచి సైజు" అని నా వైపు తిరిగి తలాడించాడు. అయినా వల వేసి శాంపిల్ చూడందే బేరానికి దిగని మనిషి. గేటు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళని ఆపి, రొయ్యపిల్లకీ మేతకీ కరెంటుకీ తనకైన ఖర్చు, సరుకు అమ్మితే వచ్చిన డబ్బు చెప్పి, "నా లాభమెంతో తేల్చండి బాబూ" అన్నాడు. వాళ్ళు మొహాలు చూసుకుని, "మాకింకా రొయ్యల చాప్టర్ అవలేదంకుల్" అన్నారు.

మర్నాడు రాజమండ్రి కాలేజీకి వెళ్ళాం. అక్కడి ఫీజు, కాకినాడ వాళ్ళు బస్సుకి అడిగినంత కూడా లేదు. కిటికీలోంచి కిక్కిరిసిన క్లాసు చూసి బాబాయి, "వంద కౌంటు. ఎగుమతికి పనికిరాదు" అని పెదవి విరిచాడు. గేటు దగ్గర మాత్రం మళ్ళీ వల వేశాడు. ఈసారి పడింది రెండు జడల అమ్మాయి. లెక్కంతా విని, "చెరువులో గాలి కొట్టే ఏరియేటర్లు ఎన్నేళ్ళు ఆడతాయండి?" అంది.

"నాలుగైదేళ్ళు."

"మరి ఏటేటా వాటి తరుగుదల ఖర్చులో రాశారా అండీ?"

"రాయడమేంటమ్మా, ఆడుతున్నాయి కదా."

"అయితే మీకు లాభం రాలేదండి. వచ్చినట్టు అనిపించిందంతే" అని, పాపం నమస్కారం కూడా పెట్టి వెళ్ళిపోయింది.

బాబాయి నేరుగా స్టేషన్‌కి నడిచి టీ చెప్పాడు. టీ చేతిలోకి వచ్చాక, "ఇక్కడొద్దే అమ్మాయ్. ఫీజు కట్టకముందే నా లాభం ఊడ్చేశారు. కడితే చెరువే ఎండగట్టేస్తారు" అన్నాడు. పెద్దల మాటకి ఎదురు చెప్పడం ఎరగనిదాన్ని, స్వామిని తలుచుకుని, "మరి వల వేస్తే రొయ్య పడింది ఎక్కడ బాబాయ్?" అన్నాను.

బాబాయి టీ గ్లాసు పక్కన పెట్టాడు. తరవాత నాన్నకి ఫోన్ చేసి, "అన్నయ్యా, కౌంటు ఎక్కువే గానీ సరుకు గట్టిది. ముల్లు నాకే దిగింది. ఇక్కడే కట్టెయ్" అన్నాడు.

మొదటిరోజు ముగ్గురు పట్టే బెంచీ మీద నలుగురం కూర్చున్నాం. అయిదో అమ్మాయి వచ్చి, "కాస్త జరగవే" అంది. అంతవరకూ నన్ను జరగమన్నవాళ్ళే లేరు. ఆ సంబరంలో ఎంత ఉదారంగా జరిగానంటే, అవతలి చివరి నుంచి కిందపడ్డాను. నేల మీద కూర్చుని అందరితో పాటు నవ్వుతున్న ఆ పిల్ల, అంటే అప్పటి నేను, ఇప్పుడు కళ్ళ ముందుకొస్తే, చెయ్యిచ్చి లేవదియ్యాలనిపించదు. ఇంకాసేపు అలాగే నవ్వుకోనిమ్మని స్వామిని అడగాలనిపిస్తుంది.