రెండో ముద్ర

ఎండ మండిపోతున్నా ఆ రోజు బస్సులో మెడదాకా గుండీలు పెట్టుకునే కూర్చున్నాను. గుండె ఆపరేషన్ కుట్లు ఎవరి కంటా పడకూడదని నా తాపత్రయం. రేగొండలో ఎక్కిన పెద్ద వయసు కానిస్టేబుల్, పాత తుపాకీని మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. తుపాకీ ఇనుము మీద రెండు వేర్వేరు సంవత్సరాల ముద్రలు కొట్టి ఉన్నాయి. ఎందుకని అడిగాను.

"మొదటిది తయారైన సాలు తమ్మీ. రెండోది కార్ఖానాల మల్ల బాగు చేసిన సాలు."

"అయితే ఇది ఒకసారి పాడైపోయిందన్నమాట."

"అరె, ఖరాబైనదాన్ని పక్కకు పడేస్తరు గని ముద్రెందుకు కొడ్తరు? మల్ల పేల్చి చూసి, పనికొస్తదంటేనే గిది కొడ్తరు."

పరకాలలో ఆయన దిగిపోయాడు. బస్సు కదలగానే పై గుండీ విప్పాను. చల్లగా గాలి తగిలింది.

ఆ తర్వాత ఎప్పుడో ఆ చొక్కాకి పై గుండీ ఊడిపోయింది. ఇప్పటికీ కుట్టించుకోలేదు.