చింతపండుతో తోమిన బ్రోచ్

శ్యామసుందరి చేతికి చిక్కిన ఇత్తడి వస్తువు తళతళలాడకుండా బయటపడదు. దేశం దాటి గిరావీన్‌కి వచ్చి ఇరవై ఆరేళ్ళయినా శుక్రవారం పొద్దున దేవుడి సామాను తోమాల్సిందే. పక్క పేట పెండిల్ హిల్ కొట్లో చింతపండు దొరక్కపోతే ఆ వారం ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి ఉండదు. ఒకరి వస్తువు మన ఇంటికొస్తే శుభ్రం చేసి మరీ తిరిగివ్వాలన్నది ఆమె పట్టింపు. పక్కింటి మార్గరెట్ కేకులు పంపిన పళ్ళేలు ఎప్పుడూ కొత్తవైపోయి వెనక్కి వెళ్ళేవి.

మార్గరెట్‌కి ఎనభై ఏడు. చూపు దాదాపు పోయింది. ఒక గురువారం టీ తాగుతూ చిన్న రేకు డబ్బా తెరిచి ఒక బ్రోచ్ తీసింది. బట్టకు గుచ్చుకునే గుండ్రటి బిళ్ళ, కుంకుమ భరిణె మూతంత ఉంటుంది. ఇంగ్లండులో ఆమె తాతగారు పొలం దున్నుతుంటే బయటపడిందట. పదిహేను వందల ఏళ్ళ కిందట ఆంగ్లో-సాక్సన్ ఆడమనిషి ఎవరో భుజం దగ్గర పెట్టుకున్నదట. శ్యామసుందరి మనవరాలు అనన్య యూనివర్సిటీ మ్యూజియంలో పనిచేస్తోంది. ఆ పిల్లకు చూపించమనీ, తాను పోయాక మ్యూజియంవాళ్ళు తీసుకుంటారేమో అడగమనీ మార్గరెట్ కోరింది.

మర్నాడు శుక్రవారం. బ్రోచ్ ముందువైపంతా చిలుము, వెనక ఇనుప సూది చుట్టూ తుప్పు గడ్డ. ఇంత మురికిగా మ్యూజియానికి పంపితే మార్గరెట్ పరువేం కావాలి? దీపపు కుందులతోపాటు దానికీ చింతపండు గుజ్జు, ఉప్పు పట్టించి నానబెట్టింది. పాత టూత్‌బ్రష్‌తో రుద్దేసరికి తుప్పంతా రాలి, బంగారు పూత, సుడులు తిరిగే గీతలు బయటపడ్డాయి. ఎర్రటి నీళ్ళు సింకులోకి పోతుంటే ఆమె పొంగిపోయింది.

శనివారం అనన్య వచ్చి బ్రోచ్‌ను తిప్పి చూసింది.

"అమ్మమ్మా, బ్యాక్‌లో రస్ట్ ఏది?"

"తోమేశానే. చూడు, ఎట్లా మెరుస్తోందో."

"క్లాత్ అందులోనే ఉంటుంది అమ్మమ్మా. ఇన్ ద రస్ట్."

తర్వాత నెమ్మదిగా విడమరిచి చెప్పింది. సూది తుప్పు పట్టేటప్పుడు దాన్ని ఆనుకున్న గుడ్డ పోగుల అచ్చు ఆ తుప్పులో నిలిచిపోతుంది. గుడ్డ కుళ్ళిపోయినా నేత మిగులుతుంది. ఇలాంటి బ్రోచ్‌లు మ్యూజియాల్లో చాలానే ఉన్నాయి. ఈ ఆడమనిషి కట్టుకున్న బట్ట జాడ మాత్రం ఇంకెక్కడా లేదు.

వినాయకుణ్ణి చేయబోతే కోతయింది. పైగా శ్యామసుందరి తెనాలి కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మనిషి. చింతపండులో ఏ ఆమ్లం ఉంటుందో, అది తుప్పును ఏం చేస్తుందో ఏటేటా బోర్డు మీద రాసింది. తెలియక చేశానని సరిపెట్టుకునే దారి కూడా లేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

"మార్గరెట్‌కి నేను చెప్పనా?" అంది అనన్య.

"వద్దు. నేనే చెప్తా."

అయితే ఆ మాట అన్నాక ఇంకో ఆలోచన కూడా వచ్చింది, దాచడమెందుకు. మార్గరెట్‌కి కళ్ళు కనబడవు కదా, చెప్పకపోతే ఏం పోయింది?

ఆదివారం పొద్దున ఆ రెండు ఆలోచనలతోనే వెళ్ళింది. మార్గరెట్ బ్రోచ్ అందుకుని సరాసరి వెనక్కి తిప్పింది. బొటనవేలు సూది దగ్గర ఆగిపోయింది.

"ఇది నాది కాదు శ్యామా. మ్యూజియంలో మారిపోయినట్టుంది" అంది. "చిన్నప్పుడు మా అమ్మ నా వేలు పట్టుకుని ఇక్కడ పెట్టేది, ఆ పూర్వకాలపు ఆడమనిషి గౌను తగులుతోందా అని అడిగేది. నాది గరుగ్గా ఉంటుంది. అనన్యను కాస్త వెతకమను."

ఊఁ అంటే చాలు, తప్పు మ్యూజియం మీదికి పోతుంది. అనన్య మీదికీ పోతుంది.

"నీదే మార్గరెట్. నేనే తోమేశాను. ఆ గౌను నా సింకులో పోయింది."

మార్గరెట్ తిట్టినా బాగుండేది. ఆమె బొటనవేలు ఆ నున్నటి లోహం మీద ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ వెతుకుతూనే ఉంది.