సారంగపాణి వెతికే మేనమామలు

సారంగపాణి చేతులు బ్యాటు పిడికి దారం చుడుతుంటాయి, నోరు ఎవరో ఒకరి మేనమామను వెతుకుతుంటుంది. ఈ రెండు పనులూ ఆయనకు విడివిడిగా రావు. దారం బిగిసేకొద్దీ అనుమానం కూడా బిగుస్తుంది. చివరి ముడి పడేసరికి దేశంలో ఎక్కడో ఒకచోట ఒక మేనమామ దొరికిపోతాడు.

హనుమకొండలో ఒక కాలేజీ గోడకు ఆనుకుని ఆయన బ్యాట్ల రిపేరు డబ్బా, దాని పక్కన నా మోటార్ వైండింగ్ షాపు. ఆయన దారం చుడతాడు, నేను రాగితీగ చుడతాను. కాశిబుగ్గలో మగ్గాల మధ్య పెరిగిన మనిషి కాబట్టి దారం ఆయన మాట వింటుంది. మనుషులే వినరు.

భారత జట్టును ప్రకటించిన రోజు మా ఇద్దరికీ పని సాగదు. ఫోన్లో చూసి ఒక్కొక్క పేరూ నేను చదవాలి. పేరు పేరుకూ ఆయన చెయ్యి ఆగుతుంది.

"వీనికి ఎవలున్నరు?"

"ఎవలు లేరు పాణన్నా. నిరుడంత మస్తు పరుగులు చేసిండు."

"పరుగులు అందరు చేస్తరు శేఖరూ. పైన మేనమామ ఉండాలె. నువ్వు చదువు, నేను ఎతుకుత."

వెతికేవాడు. ఓపెనర్ మేనమామ సెలెక్టరుతో కలిసి చదువుకున్నాడు. స్పిన్నర్ మేనమామ అద్దెకుండే ఇంటి ఓనరు ఎప్పుడో జట్టు మేనేజరుకు కారు అమ్మాడు. ఇవన్నీ ఎక్కడ తెలుసుకున్నావని అడిగితే, "తెలుసుకునుడేంది, కనబడుతలేదా" అనేవాడు. ఒక్కో మేనమామను పట్టడానికి నాలుగు రాష్ట్రాలు దాటిపోయేవాడు, కూర్చున్న ముక్కాలిపీట మీంచి లేవకుండా.

"మరి నీళ్ళ బాటిళ్ళు మోసే పన్నెండోవాని సంగతేందన్నా?" అన్నాను ఒకసారి.

"వానికి దూరపు మేనమామ. దగ్గరోడైతే బ్యాట్ దాక తెచ్చేటోడు. దూరపోడు గాబట్టి బాటిల్ దాకనే తెచ్చిండు."

"అసలు టీంల లేనోడో?"

"వానికీ ఉన్నడు. రిటైరైండు."

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెచ్చే స్నేహలత వదిన ఈ ముచ్చట్లు విని విని ఒకరోజు గిన్నె ముందు పెడుతూ అడిగింది. "మరి నిన్ను నాకు ఎవలు సెలెక్ట్ చేసిన్రు?"

"మీ మేనమామనే."

"అవ్. గాయన పక్షపాతం చేసిండు గాబట్టి గట్టెక్కినవ్. ట్రయల్స్ పెడితే మా వాకిట్లకెల్లే వాపసు పోయేటోనివి."

సారంగపాణి తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. ఆ పూట సెలెక్టర్లను ఏమీ అనలేదు.

బట్టల షాపు కిషన్ రావు కూతురి బ్యాటు పగిలితే తెచ్చాడు. ఖరీదైన బ్యాటు. పైగా ఆయన బావమరిది, అంటే ఆ అమ్మాయికి సాక్షాత్తూ మేనమామ, క్రికెట్ సంఘంలో తిరిగే మనిషి. సారంగపాణికి వెతికే శ్రమ కూడా లేదు.

"రిపేరెందుకు సేటూ? మీ బావమరిదిని పిచ్ మీద నిలబెట్టు. పరుగులు ఆయనే తీస్తడు."

కిషన్ రావుకు ఒళ్ళు మండి బ్యాటు లాక్కోబోయాడు. సారంగపాణి రెండో కొస వదల్లేదు. ఇద్దరూ అటూ ఇటూ గుంజుకున్నారు.

"మాట మాటనే, పని పనే. పగులు లోపటిదాక పోయింది. గిట్లనే ఆడితే బిడ్డ మణికట్టు గుంజుతది. ఇడువుండ్రి."

మూడోనాడు వచ్చిన కిషన్ రావు పగులు ఎక్కడుండేదో వేలితో తడిమి వెతుక్కున్నాడు. దొరకలేదు. కోపం కొంత మిగిలింది గానీ ఎవరిమీద చూపాలో తెలియక ఇంటికి పట్టుకుపోయాడు.

నాకు అంతుపట్టని సంగతి ఒకటుండేది. బ్యాటు తెచ్చిన పిల్లలెవరినైనా సరే, బ్యాటు చూడకముందే "మీ మేనమామ ఎవలు?" అని అడిగేవాడు. పెద్ద పేరు చెబితే ఎప్పుడు రావాలో చెప్పి పంపేవాడు. ఎవరూ లేరంటే, "సెలెక్షన్ ఏనాడు?" అని ఆరా తీసేవాడు. ఎందుకు? లేనివాళ్ళను ఎగతాళి చెయ్యడానికా? అడిగితే దారం పళ్ళతో తెంపి ఇంకో మాటలోకి పోయేవాడు.

మొన్నటి వానాకాలంలో వర్ధన్నపేట అవతలి పల్లె నుంచి బక్కమ్మ అనే కూలీ మనిషి కూతురు మానసను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్ల బ్యాటు పిడి పాతదై కదులుతోంది.

"మీ మేనమామ ఎవలు బిడ్డా?"

మానస తల్లి ముఖం చూసింది. "నాకు తోడబుట్టినోళ్ళు లేరయ్యా" అంది బక్కమ్మ.

"మేనమామ లేకుంటనే సెలెక్షన్‌కు పోతాన్రా? ఏనాడున్నది?"

"రేపే."

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నాకే చివుక్కుమంది. సారంగపాణి మాత్రం పిడిని అటూ ఇటూ వంచి చూస్తున్నాడు. "జిగురు పెడితే రెండు దినాలు ఆరాలె. రేపే అంటున్రు. ఇప్పటికి దారం కడుత. ఆగుతదని మాటియ్యలేను."

కట్టి ఇచ్చాడు. వాళ్ళు ఆటో ఎక్కి వెళ్ళిపోయారు.

మర్నాడు సారంగపాణి డబ్బా తెరవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని నా ముందు నిలబడ్డాడు. "బండి తియ్యి శేఖరూ. సుట్టాల పనున్నది."

అప్పుడప్పుడు ఆయనకు ఈ చుట్టాల పని తగులుతుంటుంది. ఏ చుట్టాలో చూద్దామని నేనూ షట్టర్ దించాను. బండి ఊరవతలి గ్రౌండు దగ్గర ఆపమన్నాడు. అక్కడ రాష్ట్ర జట్టుకు అమ్మాయిల్ని ఎంపిక చేస్తున్నారు. దేశం జట్టుకు పోయే దారిలో మొదటి మెట్టు అదే.

సిఫారసు ఉన్న పిల్లలు ముందు ఆడుతున్నారు, తీరిగ్గా ఆడుతున్నారు. లేనివాళ్ళు కంచె పక్కన కూర్చుని మబ్బుల్ని చూస్తున్నారు. వాళ్ళలో మానస ఉంది, పక్కన బక్కమ్మ ఉంది. వాన వచ్చిందంటే ఆట ముగిసినట్టే, బ్యాటు పట్టకుండానే ఇంటికి పోయినట్టే.

సారంగపాణి ఎక్కడినుంచో ఒక కుర్చీ మోసుకొచ్చి, సెలెక్టర్ రాజేశ్వర్ రావు గారి పక్కనే వేసుకుని పెళ్ళిపెద్దలా కూర్చున్నాడు.

"ఎవలయ్యా నువ్వు?"

"మానస మేనమామను సార్."

నేను నములుతున్న పల్లీ గొంతుకు అడ్డం పడింది.

రాజేశ్వర్ రావు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "నిన్ను చూసిన. నిరుడు నర్సంపేట బౌలర్ పిల్లకు మేనమామనని ఇట్లనే కూసున్నవ్. అంతకుముందు సౌమ్య అని వికెట్ కీపర్, ఆ పిల్లకు. నీకు ఎంతమంది అక్కచెల్లెండ్లయ్యా?"

"లెక్కపెట్టలే సార్."

సారంగపాణి ఇంట్లో ఒక్కగానొక్క సంతానం. ఆడబిడ్డ పోరు లేకపోవడమే ఆ పెళ్ళిలో తనకు దక్కిన సుఖమని స్నేహలత వదిన ఎన్నోసార్లు చెప్పింది. దేశంలోని మేనమామలందరినీ ఏకిపారేసిన మనిషికి, వాళ్ళందరికంటే ఎక్కువమంది మేనకోడళ్ళున్నారన్నమాట.

సెలెక్టర్ గారు బక్కమ్మను పిలిచారు. "అమ్మా, ఈయన నీకు తోడబుట్టినోడేనా?"

ఆమెకు అబద్ధం అలవాటు లేదు. "కాదు సార్. నా బిడ్డకు ఎక్కడికక్కడ దొరుకుతరు మేనమామలు. పుట్టెంట్రుకలు తీసినప్పుడు మేనమామ ఒళ్ళె కూసోవాలన్నరు. మేడారం జాతరల పక్క ఎడ్లబండాయన వచ్చి ఒళ్ళె కూసోబెట్టుకున్నడు. ఆయన పేరు గూడ తెల్వదు. ఇయ్యాల ఈయన వచ్చిండు."

రాజేశ్వర్ రావు గారు సారంగపాణిని అడిగారు. "సరే. ఏంది నీ సిఫారసు?"

"తీసుకొమ్మంటలేను సార్. చూడుమంటున్న. మేనమామలున్న పిల్లల దిక్కు మీ తల దానంతటదే తిరుగుతది. ఈ పిల్ల దిక్కు తిప్పెటందుకు ఒకలుండాలె గద. చూసినంక వద్దంటే తోల్కపోత, మారు మాట్లాడ."

సెలెక్టర్ గారు చెయ్యెత్తి మానసను పిలిచారు.

మొదటి బంతిని ఆపింది. రెండోది చక్కగా తగిలింది, దాంతోపాటు పిడి కూడా టప్పుమని విచ్చుకుంది, సారంగపాణి కట్టిన కట్టుకు పైన. కూతుర్ని ఆడించడానికి వచ్చిన కిషన్ రావు అక్కడే ఉన్నాడు, తన కూతురి బ్యాటు తెచ్చి ఇచ్చాడు. మానస ఎత్తి చూసింది. బరువు. చెయ్యి తిరగడం లేదు.

ఒకటి రెండు చినుకులు పడ్డాయి. రాజేశ్వర్ రావు గారు సారంగపాణి వైపు తిరిగారు. కుర్చీ ఖాళీగా ఉంది. ఆయన అప్పటికే పిచ్ పక్కన చతికిలబడి, జేబులోంచి దారపుండ తీశాడు.

"శేఖరూ, ఉండ పట్టు. గుంజి పట్టు. సార్, మీరు జర బ్యాట్ అడుగు పట్టుకోండ్రి. కదలనియ్యొద్దు."

ఎవరిని అడుగుతున్నాడో ఆయన చూసుకోలేదు. సెలెక్టర్ గారు ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని గడ్డిలో కూర్చున్నారు, బ్యాటును రెండు కాళ్ళ మధ్య ఇరికించుకున్నారు. దారం గిర్రున తిరగసాగింది. చినుకు పిడి మీద పడకుండా బక్కమ్మ కొంగు పట్టింది.

ఒక అమ్మాయి తండ్రి పరుగున వచ్చాడు. "ఇదేం పద్ధతి సార్? సెలెక్టరే ఒక పిల్ల బ్యాట్ పట్టుకుంటే పక్షపాతం కాదా?"

"మీ పాపది ఇరిగితే మీ పాపదీ పట్టుకుంట. ఇప్పుడు మాట్లాడియ్యకు, దారం వదులైతది."

ముడి పడింది. మిగిలిన దారం కొరికి తెంపి, పైకి మడిచిన రబ్బరు తొడుగును కిందికి దొర్లించి, సారంగపాణి పిడిని చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టాడు. మళ్ళీ తట్టాడు. అంతసేపూ ఆయన నోట్లోంచి ఒక్క మేనమామ కూడా బయటికి రాలేదు. లేచి, అరచేతిలోని తడి చొక్కాకు తుడుచుకుని, బ్యాటును మానస చేతికిచ్చాడు.

"ముందుగాల ఒక బంతి ఊకె ఆపు బిడ్డా, కట్టు కూసుంటది. తర్వాత నీ ఇష్టం."

మానస రెండు చేతులతో అందుకుంది.