నేను చూడని పెళ్లి సీను

నేను జీవితంలో ఒక్క సినిమాకే నోరు తెరిచి అభిప్రాయం చెప్పాను. దాని ఫలితంగా మా వీధిలో ఆరుగురు ఆడవాళ్లు ఒకే ఏడుపు సినిమాను రెండేసి సార్లు చూడాల్సి వచ్చింది. ఒక పెద్దావిడ ముందు నేను తలెత్తుకోలేకపోయాను. ఇది చదివాక మీరు నన్ను క్షమిస్తారో లేదో తెలియదు. నా డైరీ మాత్రం ఇంకా క్షమించలేదు.

అప్పుడు నాకు డిగ్రీ చివరి ఏడాది. సినిమా ఎలా ఉందని ఎవరడిగినా "బాగుందండి" అనేదాన్ని. ఇంటికొచ్చి డైరీలో ఆ దర్శకుణ్ణి నాలుగు పేజీలు దులిపేసేదాన్ని. ద్రాక్షారామంలో మా వీధివాళ్లకు ఇలాంటి మొహమాటాలు లేవు. శుక్రవారం సినిమా వస్తే శనివారం పొద్దున పాలప్యాకెట్ల దగ్గరే తీర్పులు వచ్చేస్తాయి. "ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ సాగదీశాడు" అనేది మా ఎదురింటి భారతి పిన్ని తీర్పు. ఆవిడ పెళ్లిభోజనాల గురించి కూడా అదే మాట అంటుంది.

మా పక్కిల్లు మాణిక్యం అత్తయ్యగారిది. ఆవిడ భర్త శాస్త్రి మావయ్యగారు పురోహితులు. మా కాలవ గట్టు మీద ఒక సినిమా షూటింగు జరిగినప్పుడు, పెళ్లి సీనులో పురోహితుడి వేషానికి ఆయన్నే పిలిచారు. వేషమేముంది, ఇంట్లోంచి ఎలా వెళ్లారో అలాగే పీటల ముందు కూర్చోబెట్టారు. ఆ సినిమా విడుదల కాకముందే ఆయన గుండెపోటుతో పోయారు.

సినిమా వచ్చేసరికి ఆయన పోయి మూడు నెలలు. సంవత్సరీకం అయ్యేదాకా అత్తయ్యగారు సినిమాహాలు గడప తొక్కరు. అందుకని నన్ను పిలిచారు.

"రామచంద్రపురంలో ఆడుతోందటే సుధా. నువ్వెళ్లి చూసిరా. ఆయన ఎలా ఉన్నారో వచ్చి చెప్పు. నువ్వయితే లేనిపోనివి కలపవు."

ఆ చివరి మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

సినిమా మొదలైన పది నిమిషాలకు హీరో తల్లి పోయింది. అరగంటకు తండ్రి పోయాడు. ఇంటర్వెల్‌కు ముందు వాళ్ల ఎద్దు కూడా పోయింది. తల్లిదండ్రుల దాకా ఓర్చుకున్నాను గాని ఎద్దు దగ్గర నావల్ల కాలేదు. ఏడ్చిన మొహం ఎవరి కంటా పడకూడదని బయటికెళ్లి, కడిగిందే కడుగుతూ ఉండిపోయాను. తిరిగొచ్చేసరికి లైట్లు ఆర్పేశారు.

నా సీటు వరస మధ్యలో ఉంది. అక్కడికి చేరాలంటే పదకొండు జతల మోకాళ్లు దాటాలి. పదకొండుసార్లు "కొంచెం జరగండి" అనాలి. ఆ పని చేయగలిగిన మనిషినయితే ఈ కథే ఉండేది కాదు. ఎవరైనా వస్తే వాళ్ల వెనకాల దూరిపోదామని తలుపు బయటే నిలబడ్డాను. పావుగంటకు ఒకాయన సమోసాలు పట్టుకుని వచ్చాడు. ఆయన నీడలో నడిచి సీటులో పడి చూస్తే, హీరోకి పెళ్లయిపోయింది. హీరోయిన్ మెడలో తాళి, మొహంలో దిగులు.

అంటే శాస్త్రి మావయ్యగారు ఆ పావుగంటలోనే వచ్చి వెళ్లిపోయారన్నమాట.

మళ్లీ ఇంకో ఆట చూడొచ్చు కదా అంటారేమో. ఆ ఎద్దు రెండోసారి పోతుంటే చూసే ధైర్యం నాకు లేదు. బస్సులో వస్తూ నిజం చెప్పేద్దామని గట్టిగానే అనుకున్నాను. కానీ అత్తయ్యగారు నాకోసం వీధరుగు మీదే కూర్చుని ఉన్నారు.

"కనబడ్డారా?"

"కనబడ్డారండి."

"ఎలా ఉన్నారు?"

"బాగున్నారండి."

ఆవిడ ఇంకా నా మొహంలోకే చూస్తున్నారు. ఆ చూపుకు నా 'బాగున్నారండి' చాలదనిపించింది. అంతే, ఇన్నేళ్లూ డైరీలో అణిచిపెట్టిన కల్పనంతా ధవళేశ్వరం ఆనకట్ట గేట్లెత్తినట్టు ఒక్కసారిగా బయటపడింది.

"తెర నిండా ఆయనే అత్తయ్యగారూ. పట్టుపంచె, విభూతి. మాంగల్యధారణ మంత్రం చదువుతుంటే హాలంతా నిశ్శబ్దం. గంట కొట్టినట్టు ఖంగుమంది ఆయన గొంతు. చివర్లో పెళ్లికొడుకుని చూసి నవ్వారు కూడా."

"మంత్రం చదివారా?"

"ఒక్క అక్షరం పోకుండా చదివారండి."

ఆవిడ అరుగు మీంచి లేచారు. "సరే. రేపు మళ్లీ రా, ఇంకోసారి చెబుదువుగాని" అన్నారు.

ఈలోగా నా మాట వీధంతా పాకింది. భారతి పిన్ని అయిదుగురిని వెంటేసుకుని రామచంద్రపురం వెళ్లొచ్చింది.

"ఏంటే సుధా, శాస్త్రిగారు ఎక్కడా కనబళ్లేదు?"

"ఇంటర్వెల్ అవగానే వస్తారు పిన్నీ. మీరు బయట ఉన్నారేమో."

"పాప్‌కార్న్ లైన్లో ఉన్నాం."

"అదే మరి."

ఆదివారం ఆరుగురూ మళ్లీ వెళ్లారు. ఈసారి పాప్‌కార్న్ లేదు, నడుం కూడా వాల్చలేదు. సాయంత్రం నేరుగా మా గేటు దగ్గరికి వచ్చారు.

"ఫస్టాఫ్‌లో ఎద్దు పోయింది, సెకండాఫ్‌లో మా ఆదివారం పోయింది. ఆయన మాత్రం రాలేదు" అంది పిన్ని.

"ఈ హాల్లో కోసేశారేమో పిన్నీ."

"నువ్వు చూసిందీ ఈ హాల్లోనే కదే."

నాకు అప్పటికప్పుడు జ్వరం వచ్చి లోపలికి వెళ్లిపోయాను.

జ్వరంలో కూడా మధ్యాహ్నం అత్తయ్యగారి పిలుపు తప్పేది కాదు. చెప్పిందే చెబితే ఆవిడకు విసుగొస్తుందని రోజుకింత కలిపాను. వారానికల్లా హీరో వచ్చి మావయ్యగారి కాళ్లకు దండం పెట్టాడు. పది రోజులకు కెమెరా ఆయన చుట్టూ ప్రదక్షిణ చేసింది.

నెల తిరక్కుండా ఆ సినిమా ఫోన్లలోకి వచ్చేసింది. భారతి పిన్ని ట్యాబ్ పట్టుకుని వచ్చి, "ఇంట్లో చూస్తే తప్పేం లేదు వదినా" అంది. అత్తయ్యగారు కళ్లజోడు తుడుచుకుని, నన్ను పక్కనే కూర్చోబెట్టుకున్నారు. తల్లి పోయింది, తండ్రి పోయాడు, ఎద్దు పోయింది. నా ప్రాణం కూడా వాటితోపాటు సగం పోయింది. ఇంటర్వెల్ తర్వాత హీరో బస్సు దిగి స్నేహితుడితో, "పోయిన నెల్లో నాకు పెళ్లయిందిరా" అన్నాడు. అంతే. పెళ్లి మొత్తం ఆ ఒక్క ముక్కలో అయిపోయింది. పీటలు లేవు, పందిరి లేదు, పురోహితుడు లేడు.

నేను తలుపు బయట నిలబడి పోగొట్టుకున్నది ఏమీ లేదు. అసలు అక్కడ ఏమీ లేదు.

"చూశావా వదినా, ఈ పిల్ల..." అని భారతి పిన్ని మొదలుపెట్టింది.

"నువ్వెళ్లి కాస్త కాఫీ పెట్టు భారతీ" అన్నారు అత్తయ్యగారు.

పిన్ని వంటింట్లోకి వెళ్లాక నేను ఆవిడ వైపు తిరిగాను. "అత్తయ్యగారూ, నేను అసలు ఆ రోజు..."

"తెలుసులేవే. మొదటిరోజే తెలుసు" అన్నారావిడ. "ఉత్తుత్తి పెళ్లికి అసలు మంత్రం చదివితే వాళ్లిద్దరికీ నిజంగా పెళ్లయిపోతుందని ఆయన భయం. ఆ హీరోయిన్ పిల్లకి అప్పటికే పెళ్లయిందిట, మొగుడు ఆ గట్టు మీదే కుర్చీ వేసుకుని కూర్చున్నాట్ట. గొంతు తర్వాత వేరేవాళ్ల చేత చెప్పిస్తామన్నారని, ఈయన పదిహేడో ఎక్కం చదివి వచ్చేశారు. ఇక హాల్లో ఆయన గొంతెలా వినబడుతుందే?"

"మరి రోజూ నాచేత ఎందుకు చెప్పించుకున్నారు?"

ఆవిడ ట్యాబ్ తెరను కొంగుతో తుడుస్తూ ఉండిపోయారు. తర్వాత మెల్లిగా అన్నారు. "వచ్చినవాళ్లంతా ఆయన ఎలా పోయారనే అడుగుతున్నారు. ఎలా కూర్చున్నారో, ఎలా నవ్వారో నువ్వొక్కదానివే చెప్పావు."

ఆ సాయంత్రం డైరీ మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. పదకొండు కాదు, నూటపదకొండు జతల మోకాళ్లు అడ్డమొచ్చినా దాటుకుని వెళ్లి సీటులో కూర్చుంటాను. కళ్లారా చూడని సీను గురించి ఈ జన్మలో పెదవి విప్పను. కింద సంతకం కూడా పెట్టాను.

మర్నాడు మధ్యాహ్నం గోడ అవతలి నుంచి పిలుపు వచ్చింది.

"ఆ పెళ్లి సీను చెబుదువుగాని రావే. ఈసారైనా సరిగ్గా చెప్పు."

వెళ్లి కూర్చున్నాను. చెప్పాను. తెర నిండా ఆయనే. పట్టుపంచె, విభూతి. హాలంతా నిశ్శబ్దం. గంట కొట్టినట్టు ఖంగుమనే గొంతుతో, "పదిహేడు ఎనిమిదులు నూటముప్పై ఆరు."