పిట్టకు సాంబ్రాణి పొగ

ఆ రోజుల్లో నాకు తెలియనిది లోకంలో లేదనుకునేదాన్ని. గద్వాల కాలేజీలో జంతుశాస్త్రం మొదటి ఏడాది పూర్తయింది మరి! (కప్ప గుండె బొమ్మ తప్ప ఇంకేదీ సరిగా గీయలేనన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.) వేసవి సెలవులకు ఇటిక్యాల వెళ్లేసరికి అమ్మమ్మ ఇంట్లో నవ్వు లేదు. పుట్టింటికి కాన్పుకు వచ్చిన మా చిన్నమ్మ దవాఖాన నుంచి ఒట్టి చేతులతో తిరిగొచ్చింది. పాలు ఆగడానికి అమ్మమ్మ రోజూ పెరట్లో మల్లెపూలు కోసి ఆమె రొమ్ముకు కట్టేది.

ఒక పొద్దున ఆ మల్లెపొద కిందే పికిలిపిట్ట పిల్ల దొరికింది. చిన్నమ్మ దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. "మనిషి చెయ్యి తగిలింది కదనే, ఇగ తల్లి రానియ్యదు," అంది అమ్మమ్మ. "అయితే నేనే సాకుత," అంది చిన్నమ్మ. ఆమె గొంతు అంత గట్టిగా విని చాలా రోజులైంది. ఇక అమ్మమ్మ ఆగుతుందా? చాటలో పాత చీర పరిచి పడుకోబెట్టి, దిష్టి తీసి, పసిబిడ్డకు పట్టినట్టే సాంబ్రాణి పొగ పట్టింది. పిట్ట బాగానే ఉంది, మేమే దగ్గి చచ్చాం. (కాటుక పెట్టబోతే అడ్డం పడ్డాను. శాస్త్రానికి నేను చేసిన సేవ అదొక్కటే.)

"సదువుకున్నదానివి, జర చూడే. తల్లి లేకుంట బతుకుతదా?" అని చిన్నమ్మ అడిగింది. డాక్టరు ఫోజులో అటూ ఇటూ తిప్పి చూశాను. ఒళ్లంతా ఈకలు, తోక మాత్రం పొట్టి. దెబ్బ లేదు, నా వేలిని గట్టిగా పట్టుకుంది. ఎగరడం నేర్చుకోబోయి కింద వాలిన పిల్ల. పొదలో పెడితే తల్లే మేపుకుంటుంది. చిన్నమ్మ ముఖం చూసి, జీవితంలో మొదటిసారి, "తెల్వదు" అన్నాను.

గోడ మీద మరో పికిలి పొద్దుటి నుంచి గోల చేస్తూనే ఉంది. ముక్కున పురుగు. తను తినదు, అక్కణ్ణుంచి పోదు. చిన్నమ్మ చాలాసేపు దాన్నే చూసింది.

"అది దీని తల్లే గదనే?"

"ఊ."

"నేను ముట్టుకున్న గద. అయినా వస్తదా?"

"వస్తది చిన్నమ్మా."

తనే లేచి, పిల్లను మల్లెపొదలో కొమ్మ మీద కూర్చోబెట్టింది. మేం గడప దాటామో లేదో తల్లి దిగి నోట్లో పురుగు పెట్టింది. అప్పటిదాకా ఏడవని మనిషి గుమ్మం పట్టుకుని ఏడ్చింది. అమ్మమ్మ ఆపలేదు.

మర్నాడు అమ్మమ్మ పూల బుట్ట తీసింది. "ఇయ్యాల కొయ్యకమ్మా, పిల్ల బెదురుతది," అంది చిన్నమ్మ.

"పూలు కట్టకుంటే నీకు నొస్తదే, బిడ్డా."

"నొయ్యనియ్."

ఇప్పుడు నా మేడ మీద కుండీలో మల్లె ఉంది. పూలు కోసే ముందు పొదంతా ఒకసారి వెతుకుతాను. (నా జంతుశాస్త్రం ఇక్కడికి పనికొచ్చింది.) ఏ పిల్లా ఉండదు. అన్నీ తెలిసిన ఆ అమ్మాయి గుర్తొచ్చి కాస్త నవ్వొస్తుంది, ఆ తర్వాత పూలు కోయబుద్ధి కాదు.