నల్లదొర కూతుళ్లు

అందరూ ఆయన్ని సూదాయన అనేవారు. పశువుల ఆసుపత్రిలో ఉద్యోగం. ఎదకొచ్చిన ఆవులకు మేలుజాతి ఆబోతుల వీర్యం ఎక్కించడం ఆయన పని. ముప్పై ఏళ్లు సైకిలు వెనక చలువ డబ్బా కట్టుకుని వీధి వీధీ తిరిగాడు. ఆయన హస్తవాసి మంచిదని పేరు.

ఆ డబ్బాలో ఎవరికైనా కావలసింది నల్లదొరదే. ఆ ఆబోతు చచ్చి పదేళ్లయినా దాని వీర్యం నిలవ ఉంది. దాని కూతుళ్లు పాలతో బిందెలు నింపేవి. "మాకు నల్లదొరదే వెయ్యి బాబాయ్" అని జనం పట్టుబట్టేవారు. దాని కూతుళ్లకు మళ్లీ దానిదే వెయ్యకూడదని శిక్షణలో చెప్పారు. ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు. పాలు పెరుగుతుంటే కాదనేదెవరు?

మొదటి గుడ్డి దూడ ఆయన సొంత అక్క కొట్టంలోనే పుట్టింది.

"ఒరేయ్, ఇదేంట్రా? పొదుగు వదిలేసి గోడ నాకుతోంది!" అని అక్క కేకేసింది.

వెళ్లి చూస్తే దాని కళ్లు పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి. నెల తిరక్కుండా ఇంకో మూడిళ్లలో అలాంటివే పుట్టాయి. పెద్ద డాక్టరు వచ్చి పాత రిజిస్టర్లు తిరగేశాడు.

"లోపం ఆ ఆబోతు రక్తంలోనే ఉందయ్యా. ఒక్క వైపు నుంచే వస్తే బయటపడదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తేనే ఇలా అవుతుంది. నువ్వేమో తండ్రినే కూతురికి కట్టావు."

ఆ మాట ఆయనకు కునుకు లేకుండా చేసింది. ఏ కొట్టంలోకి వెళ్లినా నల్లటి మొహాల మీద నల్లదొరకుండే తెల్లమచ్చే కనిపించేది. చచ్చిన ఆబోతు వంద మొహాలతో తనకేసి చూస్తున్నట్టుండేది. మిగిలిన వీర్యం డాక్టరు ఎదుటే పారబోశాడు. రిజిస్టరు చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ఏ ఆవు ఎవరి కూతురో చెప్పాడు.

"అప్పుడు వేసిందీ నువ్వే, ఇప్పుడు తప్పనేదీ నువ్వేనా?" అని ఒకావిడ మొహం మీదే అడిగేసింది.

"నేనేనమ్మా. అందుకే చెప్పుకుంటున్నా."

ఆ తర్వాత గుడ్డి దూడలు పుట్టలేదు. "అయితే పీడ పోయినట్టేనా సార్?" అని ఆశగా అడిగాడు.

"ఎక్కడికి పోతుంది? ఆవుల్లోనే దాగుంటుంది" అన్నాడు డాక్టరు.

అక్క ఆ గుడ్డి పెయ్యను కన్నబిడ్డలా సాకింది. ఆయన అడుగుల చప్పుడు వింటే చాలు, అది మెడ చాచేది. మూడో ఏట ఒక పొద్దున ఎదకొచ్చి అరవడం మొదలుపెట్టింది.

"వేరే ఆబోతుది వెయ్యరా. దూడకు కళ్లొస్తాయటగా" అంది అక్క.

"వస్తాయే. లోపం కూడా లోపల దాగి వస్తుంది. దీంతో ఆగిపోనీ అక్కా."

అక్క దానికి గడ్డి వేసింది. అది ముట్టలేదు. సాయంత్రం దాకా అరుస్తూనే ఉంది. ఆయన ఇంటికి వెళ్లలేక, కొట్టం గుమ్మంలో కూర్చుని వింటూ ఉండిపోయాడు.